స్క్రీన్ చూడకుండా చదివేవాళ్లకి లైనక్స్‌లో ఏ న్యూస్‌రీడర్ మంచిది?

ఏ ఫోన్ రివ్యూ రాసినా మేం ముందు మాట్లాడేది డిస్‌ప్లే గురించే. బ్రైట్‌నెస్ ఎంత, రిఫ్రెష్ రేట్ ఎంత, బెజెల్స్ ఎంత సన్నగా ఉన్నాయి... ఆ తర్వాతే మిగతావన్నీ. నేనూ అలాగే రాస్తాను. కానీ కొన్ని నెలల కిందట మా ఇంజనీరింగ్ బ్యాచ్‌మేట్ ఒకడు ఫోన్ చేసి ఒక ప్రశ్న అడిగాడు. దానికి జవాబు చెప్పడానికి ఇన్నేళ్లుగా రాసిన రివ్యూల్లో ఒక్క ముక్క కూడా పనికి రాలేదు.

వాడిది వరంగల్ వైపు. చూపు లేదు. కాలేజీ రోజుల నుంచి విండోస్‌లో స్క్రీన్ రీడర్ పెట్టుకుని కోడ్ రాసేవాడు. ఇప్పుడు ఉద్యోగం మొత్తం లైనక్స్ సర్వర్ల మీద పడింది. కెర్నల్ మెయిలింగ్ లిస్టులు, రెండు మూడు ప్రోగ్రామింగ్ న్యూస్‌గ్రూపులు రోజూ చదవాలి. "లైనక్స్ల న్యూస్‌గ్రూప్స్ చదవడానికి ఏది పెట్టుకోమంటవ్ రా?" అన్నాడు. నేను రెండు నిమిషాలు కూడా ఆలోచించలేదు. చూడ్డానికి నీట్‌గా, బటన్లూ మెనూలూ అన్నీ ఉన్న ఒక గ్రాఫికల్ ప్రోగ్రామ్ పేరు చెప్పేశాను.

రెండు వారాలకి మళ్లీ ఫోన్ వచ్చింది. "మంచిగనే మాట్లాడుతుంది రా. మాట్లాడుడు ఆపుతలేదు, గదే పరేషాన్."

ఈ ఆర్టికల్ రాయడానికి కారణం ఆ ఒక్క మాటే. అప్పటి నుంచి వాడూ నేనూ కలిసి దొరికిన న్యూస్‌రీడర్లన్నీ వాడి చూశాం. నాకు అర్థమైంది ముందే చెప్పేస్తాను. చూపు లేనివాళ్లకి న్యూస్‌రీడర్ ఎంచుకునేటప్పుడు ఫీచర్ల లిస్టు పక్కన పెట్టండి. రెండే రెండు చూడండి: కర్సర్ ఎక్కడుంది? ఒక పోస్టు నుంచి తర్వాతి పోస్టుకి వెళ్లేలోపు ఎన్ని అనవసరమైన మాటలు వినాల్సి వస్తోంది? ఈ రెండింటి దగ్గర కొత్త సాఫ్ట్‌వేర్ల కంటే 90ల నాటి సాఫ్ట్‌వేర్లే చాలాసార్లు గెలుస్తాయి.

అసలు న్యూస్‌గ్రూప్స్ ఇంకా ఉన్నాయా?

ఉన్నాయి. తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. యూజ్‌నెట్ అనే ఆలోచన 1979లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్‌లది. 1980లో అది పని మొదలుపెట్టింది. అంటే వెబ్ పుట్టడానికి దాదాపు పదేళ్ల ముందు. ఒక్కో సబ్జెక్ట్‌కి ఒక్కో గ్రూప్, దాంట్లో పోస్టులు, వాటికి రిప్లైలు, ఆ రిప్లైలకి మళ్లీ రిప్లైలు. 1986లో దీనికోసం ఎన్‌ఎన్‌టీపీ అనే ప్రోటోకాల్ వచ్చింది. సర్వర్ పంపేది టెక్స్ట్ మాత్రమే. దాన్ని ఎలా చూపించాలి, ఎలా వినిపించాలి అనేది పూర్తిగా మీ కంప్యూటర్‌లో ఉన్న ప్రోగ్రామ్ ఇష్టం.

మన తెలుగువాళ్లకీ ఇక్కడ ఒక చరిత్ర ఉంది. 90ల్లో అమెరికా యూనివర్సిటీల్లో చదువుకుంటున్న తెలుగువాళ్లు సోక్ డాట్ కల్చర్ డాట్ ఇండియన్ డాట్ తెలుగు అనే గ్రూప్‌లో రాసుకునేవారు. యూనికోడ్ అందుబాటులో లేని రోజులు కాబట్టి ఆర్‌టీఎస్ పద్ధతిలో, అంటే ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు టైప్ చేసేవారు. ఈ రోజు మనం వాట్సాప్‌లో చేసే పనికి అది పెద్దన్న లాంటిది.

2024 ఫిబ్రవరి 22 నుంచి గూగుల్ గ్రూప్స్ యూజ్‌నెట్ కొత్త పోస్టుల్ని చూపించడం, పంపడం ఆపేసింది. పాత పోస్టులు మాత్రం వెతుక్కోవచ్చు. "అయితే యూజ్‌నెట్ పని అయిపోయినట్టేగా" అని చాలామంది అనుకున్నారు. నిజానికి మూతపడింది ఒక వెబ్ ద్వారం మాత్రమే. ఎటర్నల్ సెప్టెంబర్ లాంటి సర్వర్లు టెక్స్ట్ గ్రూపుల్ని ఇప్పటికీ ఉచితంగా ఇస్తున్నాయి. చాలా గ్రూపులు ఖాళీగా పడి ఉన్నమాట నిజమే. సీ ప్రోగ్రామింగ్ గ్రూప్ లాంటివి మాత్రం ఇంకా నడుస్తున్నాయి.

మా వాడికి అసలు అవసరం ఇంకో చోట ఉంది. లైనక్స్ కెర్నల్ డెవలప్‌మెంట్ అంతా మెయిలింగ్ లిస్టుల్లోనే జరుగుతుంది. ఆ లిస్టుల ఆర్కైవ్ అయిన లోర్ డాట్ కెర్నల్ డాట్ ఆర్గ్ వాటిని ఎన్‌ఎన్‌టీపీ ద్వారా కూడా ఇస్తుంది. 2002లో మొదలైన జీమేన్ అనే సర్వీస్ వేరే ప్రాజెక్టుల మెయిలింగ్ లిస్టుల్ని అదే పద్ధతిలో ఇస్తుంది. ఇన్‌బాక్స్ నిండిపోకుండా వేలకొద్దీ మెయిల్స్‌ని న్యూస్‌గ్రూప్‌లా చదువుకోవచ్చన్నమాట. అంటే న్యూస్‌రీడర్ పాత జ్ఞాపకాల కోసం పెట్టుకునేది కాదు, కొంతమందికి అది రోజువారీ పనిముట్టు.

"రెడిట్ ఉందిగా బాస్" అంటారా?

ఈ ప్రశ్న మీకు వస్తుందని తెలుసు. 2023 గుర్తు తెచ్చుకోండి. రెడిట్ తన ఏపీఐకి డబ్బులు వసూలు చేస్తామంది. ఆ ఏడాది జూన్ 30న అపోలో లాంటి పాపులర్ యాప్ మూతపడింది. మనలో చాలామందికి అది "అయ్యో, మంచి యాప్ పోయిందే" అన్నంత వరకే. చూపు లేని యూజర్లలో చాలామంది మాత్రం ఇలాంటి థర్డ్ పార్టీ యాప్స్ మీదే ఆధారపడి ఉన్నారు. ఆర్ బ్లైండ్ కమ్యూనిటీ గట్టిగా నిరసన తెలిపింది. చివరికి యాక్సెసిబిలిటీ కోసం లాభాపేక్ష లేకుండా నడిచే యాప్స్‌కి మినహాయింపు ఇచ్చారు. మినహాయింపు అంటే ఏంటి? ఒకరు దయతలిచి ఇచ్చింది. రేపు తీసేసుకోవచ్చు కూడా.

న్యూస్‌గ్రూప్స్‌లో ఆ గొడవ లేదు. ప్రోటోకాల్ అందరిదీ. మీకు నచ్చిన ప్రోగ్రామ్‌తో చదువుకుంటారు, నాకు నచ్చినదాంతో నేను చదువుకుంటాను. మనిద్దరం ఒకే థ్రెడ్‌లో వాదించుకుంటాం. నేను స్క్రీన్ మీద చదువుతున్నానో, చెవులతో వింటున్నానో, వేళ్లతో బ్రెయిలీ తడుముతున్నానో మీకు తెలియాల్సిన అవసరమే లేదు. అందుకే ఈ ఎంపిక ముఖ్యం. ప్రోగ్రామ్‌ని మనమే ఎంచుకునే హక్కు ఉన్న కొద్ది చోట్లలో ఇదొకటి.

లైనక్స్‌లో రెండు లోకాలు

ముందు స్క్రీన్ రీడర్ల సంగతి చూద్దాం. లైనక్స్‌లో ఇవి రెండు రకాల చోట్ల పనిచేస్తాయి.

మొదటిది గ్రాఫికల్ డెస్క్‌టాప్. ఇక్కడ ఓర్కా రాజు. గ్నోమ్‌తో పాటే వస్తుంది. ఆల్ట్, సూపర్, ఎస్ మూడూ కలిపి నొక్కితే మాట్లాడటం మొదలెడుతుంది. ప్రోగ్రామ్‌లు తమ బటన్లు, లిస్టులు, టెక్స్ట్ వివరాల్ని ఏటీ-ఎస్‌పీఐ అనే మార్గం ద్వారా ఓర్కాకి చెప్తాయి. ప్రోగ్రామ్ సరిగ్గా చెప్తే ఓర్కా సరిగ్గా చదువుతుంది. చెప్పకపోతే ఓర్కా కూడా ఏం చేయలేదు.

రెండోది టెక్స్ట్ కన్సోల్, అంటే నల్ల స్క్రీన్. ఇక్కడ స్పీకప్ ఉంది. ఇది కెర్నల్‌లోనే ఉండే స్క్రీన్ రీడర్. ఏళ్ల తరబడి స్టేజింగ్ విభాగంలో ఉండి, 2020లో వచ్చిన 5.9 వెర్షన్‌తో అక్కడి నుంచి ప్రధాన భాగంలోకి వచ్చింది. పైథాన్‌లో రాసిన ఫెన్‌రిర్ ఉంది. బ్రెయిలీ డిస్‌ప్లే వాడేవాళ్లకి 1995 నుంచి ఉన్న బీఆర్ఎల్‌టీటీవై ఉంది. డెబియన్ అయితే ఇన్‌స్టాల్ చేసేటప్పుడే బూట్ మెనూలో ఎస్ కొట్టి ఎంటర్ నొక్కితే చాలు, మొదటి నిమిషం నుంచీ మాట్లాడుతుంది. పక్కన ఎవరూ కూర్చుని "ఇప్పుడు నెక్స్ట్ కొట్టు" అని చెప్పక్కర్లేదు.

ఈ రెండు లోకాలకీ బయట ఇంకొకటుంది, ఈమాక్స్‌పీక్. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

కర్సర్ కథ

ఇది అర్థమైతే మిగతాదంతా అర్థమైనట్టే.

టెక్స్ట్ ప్రోగ్రామ్‌లో మీరు కింది బాణం కీ నొక్కితే ఏం కనిపిస్తుంది? ఒక రంగు పట్టీ కిందికి జరుగుతుంది. మన కన్ను ఆ రంగుని పట్టుకుంటుంది. కానీ చాలా ప్రోగ్రాముల్లో అసలు కర్సర్, అంటే టెర్మినల్‌కి తెలిసిన ఆ మినుకుమినుకు గీత, ఆ పట్టీతో పాటు కదలదు. ఏదో మూలన నిలబడి ఉంటుంది, లేదా దాచేసి ఉంటుంది. స్క్రీన్ రీడర్‌కి ప్రధాన ఆధారం కర్సరే. బ్రెయిలీ డిస్‌ప్లే కూడా కర్సర్ ఉన్న లైన్‌నే వేళ్ల కిందికి తెస్తుంది. కాబట్టి పట్టీ ఒకచోట, కర్సర్ ఇంకోచోట ఉంటే ఏమవుతుంది? మీరు పదో పోస్టు మీద ఉంటారు, స్క్రీన్ రీడర్ మాత్రం స్క్రీన్ అడుగున ఉన్న స్టేటస్ లైన్ చదువుతుంది. లేదా ఏదీ చదవదు. రంగు మారిందని గమనించి చదివే సెట్టింగులు కొన్ని స్క్రీన్ రీడర్లలో ఉన్నాయి గానీ ప్రతి ప్రోగ్రామ్‌కీ అవి సరిపోవు.

ఈ సమస్యని కొంతమంది డెవలపర్లు ఎప్పుడో గుర్తించారు. మట్ లో, దాన్నుంచి వచ్చిన నియోమట్ లో "బ్రెయిలీ ఫ్రెండ్లీ" అని సరిగ్గా ఇదే పేరుతో ఒక సెట్టింగ్ ఉంది. ఆన్ చేస్తే మెనూల్లో కర్సర్ ఎప్పుడూ ఎంచుకున్న లైన్ మొదట్లోనే ఉంటుంది. ఆల్పైన్‌లో "షో కర్సర్" అనే ఆప్షన్ ఉంది, పని అదే. టిన్‌లో రంగు పట్టీకి బదులు బాణం గుర్తు పెట్టుకునే "డ్రా యారో" ఉంది. ఒక్కోటి ఒక్క లైన్ సెట్టింగ్. డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉండటమే బాధ. తెలిసినవాళ్లు చెప్తే తప్ప కొత్తవాళ్లకి ఆ సంగతి తెలిసే దారి లేదు.

తక్కువ వినడం అనే ఫీచర్

మొదట్లో నేనొక తప్పు చేశాను. మానిటర్ ఆపేసి, స్పీకప్ ఆన్ చేసి వారం రోజులు వాడి, "అన్నీ చదువుతోంది, సూపర్" అని మా వాడికి రిపోర్ట్ ఇచ్చాను. వాడు నవ్వాడు. "నువ్వు కళ్లు మూసుకున్నవ్ గనీ స్క్రీన్ ఎట్లుంటదో నీకు యాదికుంది కదరా. ఇంకోటి, నువ్వు అన్నీ వినాలనుకుంటున్నవ్. నేను ఎంత తక్కువ వింటే అంత జల్ది పని అయితది."

వాడు చెప్పింది నాకు వెంటనే అర్థం కాలేదు. ఒక లైన్ వినిపించాక అర్థమైంది. మామూలు సెట్టింగులతో ఒక పోస్టు మీదికి వెళ్తే వచ్చే మాటలు ఇలా ఉంటాయి: "ఐదు వందల పన్నెండు, ప్లస్, పధ్నాలుగు, బార్, డాష్, గ్రేటర్, ఆర్ ఈ కోలన్..." అసలు సబ్జెక్ట్ ఇంకా రానే లేదు! మనం ఒక్క చూపులో నలభై సబ్జెక్టులు జల్లెడ పడతాం. వినేవాళ్లకి అవి ఒకదాని తర్వాత ఒకటే వస్తాయి. ఆ బార్లూ డాషులూ ఏంటంటే, థ్రెడ్‌ని చెట్టులా చూపించడానికి గీసిన గీతలు. కంటికి అందం, చెవికి చెత్త.

అందుకే మేం నాలుగు విషయాలకి మార్కులు వేసుకున్నాం.

ఒకటి, లిస్టులో ప్రతి లైన్ ఎలా ఉండాలో మనమే నిర్ణయించుకోగలమా? సబ్జెక్ట్ ముందు, రాసినవారి పేరు తర్వాత, నంబర్లూ గీతలూ అసలొద్దు అంటే కుదరాలి.

రెండు, కోట్ చేసిన టెక్స్ట్‌ని దాటేయగలమా? న్యూస్‌గ్రూప్స్‌లో పై పోస్టు మొత్తాన్ని కోట్ చేసి కింద "అవును, కరెక్టే" అని రాసే మహానుభావులు ఉంటారు. కంటికి అది ఒక స్క్రోల్. చెవికి రెండు నిమిషాలు.

మూడు, అక్కర్లేని పోస్టుల్ని ముందే తీసేసే ఫిల్టర్ ఎంత బలంగా ఉంది? స్పామ్ సబ్జెక్ట్‌ని మనం పట్టించుకోకుండా దాటేస్తాం. వినేవాళ్లు కనీసం రెండు మూడు మాటలు విన్నాక గానీ అది స్పామ్ అని తెలియదు. అందుకని వాళ్లకి ఫిల్టర్ తప్పనిసరి.

నాలుగు, స్క్రీన్ మీద ఒకసారికి ఒకే పని ఉందా? గ్రూపుల లిస్ట్, పోస్టుల లిస్ట్, పోస్టు మూడూ పక్కపక్కన మూడు పలకల్లో ఉండటం పెద్ద మానిటర్ ఉన్నవాళ్లకి సుఖం. వినేవాళ్లు మాత్రం "ఇప్పుడు నేను ఏ పలకలో ఉన్నాను?" అని ప్రతిసారీ వెతుక్కోవాలి.

ఇక ఒక్కొక్కటిగా

ఆల్పైన్: వాషింగ్టన్ యూనివర్సిటీలో 1989లో మొదలైన పైన్‌కి వారసుడు, 2007 నుంచి ఈ పేరుతో ఉంది. మెయిల్, న్యూస్ రెండూ ఒకే చోట. ఏ కీ ఏం చేస్తుందో స్క్రీన్ అడుగున రెండు లైన్లలో ఎప్పుడూ ఉంటుంది. కొత్తవాళ్లు ఏదీ బట్టీ పట్టక్కర్లేదు, మర్చిపోతే ఆ రెండు లైన్లు వింటే చాలు. షో కర్సర్ ఆన్ చేసుకుని మొదలుపెట్టడానికి ఇంతకన్నా సులువైనది మాకు దొరకలేదు. రోజుకి వందల పోస్టులు చదివేవాళ్లకి మాత్రం కొంచెం నెమ్మది అనిపిస్తుంది.

టిన్: 1991 నుంచి ఉంది. గ్రూపుల లిస్ట్ ఒక స్క్రీన్, లోపలికి వెళ్తే థ్రెడ్స్ ఒక స్క్రీన్, ఇంకా లోపలికి వెళ్తే పోస్టు. బయటికి రావాలంటే క్యూ. ఇల్లు, గది, బీరువా అన్నంత సూటిగా ఉంటుంది. మా నాలుగో పాయింట్‌కి దీనికే ఎక్కువ మార్కులు.

ఎస్ఎల్ఆర్ఎన్: పేరు పలకడానికే ఇబ్బంది గానీ మనిషి మంచివాడు. దీంట్లో ట్యాబ్ నొక్కితే కోట్ చేసిన టెక్స్ట్ దాటి నేరుగా కొత్తగా రాసిన మాట దగ్గరికి వెళ్తుంది. పెద్ద టీ నొక్కితే కోట్‌లన్నీ మాయం. లిస్టు లైన్ ఎలా ఉండాలో మనమే రాసుకోవచ్చు, చెట్టు గీతలు తీసేయొచ్చు. స్కోర్ ఫైల్ రాసుకుంటే అక్కర్లేని మనుషులూ సబ్జెక్టులూ మన దాకా రానే రావు. మొదట పోస్టుల లిస్ట్, పోస్టు పైనా కిందా రెండు భాగాలుగా కనిపిస్తాయి. పోస్టుని ఫుల్ స్క్రీన్ చేసుకుంటే ఆ తికమక పోతుంది. నెట్ సరిగ్గా లేని చోట ఉండేవాళ్లు దీంతో పాటు వచ్చే ఎస్ఎల్ఆర్ఎన్‌పుల్‌తో పోస్టులు దించుకుని ఆఫ్‌లైన్‌లో చదువుకోవచ్చు. మైనస్ ఏంటంటే, సెట్టింగులన్నీ ఒక టెక్స్ట్ ఫైల్‌లో చేత్తో రాసుకోవాలి. మొదటి సాయంత్రం కాస్త తలనొప్పి తప్పదు.

నియోమట్: మీ మెయిల్ ఇప్పటికే దీంట్లో ఉంటే వేరేది వెతక్కండి. ఎన్‌ఎన్‌టీపీ సపోర్ట్ లోపలే ఉంది. బ్రెయిలీ ఫ్రెండ్లీ ఆన్ చేసుకుంటే బ్రెయిలీ డిస్‌ప్లే వాడేవాళ్లకి హాయిగా ఉంటుంది.

గ్నస్, ఈమాక్స్‌పీక్ జంట: ఇది వేరే లెవెల్. ఈమాక్స్‌పీక్‌ని 1995లో విడుదల చేసింది టి.వి. రామన్. పద్నాలుగేళ్ల వయసులో చూపు పోయినా ఐఐటీ బాంబేలో, ఆ తర్వాత కార్నెల్‌లో చదివిన కంప్యూటర్ శాస్త్రవేత్త ఆయన. తనకి కావాల్సింది తానే తయారు చేసుకున్నారు. మామూలు స్క్రీన్ రీడర్ స్క్రీన్ మీద ఉన్నదాన్ని చదువుతుంది. ఈమాక్స్‌పీక్ అలా కాదు, ఈమాక్స్ లోపల కూర్చుని మీరు చేసిన పనికి ఫలితం ఏంటో చెప్తుంది. తర్వాతి పోస్టుకి వెళ్లారా, సబ్జెక్టూ రాసినవారి పేరూ వినిపిస్తుంది. మూలన ఉన్న గీతలతో దానికి పనే లేదు. పైగా గ్నస్ మీరు ఏ పోస్టులు చదువుతున్నారో, వేటిని వదిలేస్తున్నారో గమనించి మార్కులు వేసుకునేలా కూడా పెట్టుకోవచ్చు. ఇంత బాగుంటే అందరికీ ఇదే చెప్పొచ్చుగా? చెప్పలేను. ముందు ఈమాక్స్ నేర్చుకోవాలి. అది కారు కొనడానికి వెళ్లి మెకానిక్ పని నేర్చుకున్నట్టే. నేర్చుకున్నవాళ్లు మాత్రం మళ్లీ వెనక్కి చూడరు.

థండర్‌బర్డ్: గ్రాఫికల్ డెస్క్‌టాప్ కావాలంటే, మెయిల్ కూడా అందులోనే చూసుకోవాలంటే ఓర్కాతో దీన్ని ప్రయత్నించండి. ఎఫ్6 తో ఒక పలక నుంచి ఇంకో పలకకి వెళ్లొచ్చు, ఎఫ్7 తో పోస్టు లోపల కర్సర్ పెట్టుకుని లైన్ లైన్‌గా చదవొచ్చు. కానీ 2023లో వచ్చిన 115 వెర్షన్‌లో లేఅవుట్ బాగా మారింది. చూపు ఉన్నవాళ్లకి కొత్త లుక్ అంటే పండగ. చెవితో, వేళ్ల గుర్తుతో పనిచేసేవాళ్లకి అలవాటైన ఇంట్లో రాత్రికి రాత్రే గోడలు జరిపినట్టు. టిన్, ఎస్ఎల్ఆర్ఎన్‌లలో ఇరవై ఏళ్ల కిందటి కీలు ఇవాళ కూడా అవే పనులు చేస్తాయి. "పాత సాఫ్ట్‌వేర్" అని మనం తీసిపారేసేదాన్ని వాళ్లు "నమ్మకం" అంటారు.

తెలుగు సంగతి?

ఇక్కడ నా వాదనకి ఒక మినహాయింపు ఉంది, దాచను. నల్ల స్క్రీన్ కన్సోల్ తెలుగు అక్షరాలకి పనికి రాదు. కెర్నల్ కన్సోల్ ఫాంట్‌లో 512 గుర్తుల కంటే ఎక్కువ పట్టవు, గుణింతాలూ వత్తులూ కలిపే శక్తి దానికి లేదు. కాబట్టి చదవాల్సిన దాంట్లో తెలుగు ఉంటే డెస్క్‌టాప్, ఓర్కా దారే మేలు. ఈస్పీక్ ఎన్‌జీకి తెలుగు గొంతు ఉంది. రోబో చదివినట్టే ఉంటుంది, కానీ స్పీడ్ పెంచినా మాట అర్థమవుతుంది. వినేవాళ్లకి కావాల్సింది తియ్యటి గొంతు కంటే ముందు అదే. మా వాడు వినే స్పీడ్‌లో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అది వేరే విషయం!

మా ఓటు

కొత్తగా లైనక్స్‌కి వచ్చినవాళ్లు ఆల్పైన్‌తో మొదలుపెట్టండి. రోజూ ఎక్కువ చదివేవాళ్లు ఒక్క సాయంత్రం కష్టపడి ఎస్ఎల్ఆర్ఎన్ సెట్ చేసుకోండి. నా మొదటి ఓటు దీనికే. సెట్టింగుల ఫైల్ అక్కర్లేదు, సూటిగా ఉంటే చాలనుకుంటే టిన్. ఈమాక్స్ ముందే వచ్చినవాళ్లకి గ్నస్, ఈమాక్స్‌పీక్ తప్ప ఇంకోటి చెప్పడం పాపం. తెలుగు కూడా కావాలి, మౌస్ ఉన్న ప్రపంచంలోనే ఉండాలి అంటే థండర్‌బర్డ్, ఓర్కా.

టెర్మినల్ ప్రోగ్రామ్‌లకి ఇంకో లాభం కూడా ఉంది. ఎస్ఎస్‌హెచ్ ద్వారా ఎక్కడి నుంచైనా అదే ప్రోగ్రామ్, అవే కీలు. ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్ నుంచి అందులోని స్క్రీన్ రీడర్‌తోనే ఆఫీసు లైనక్స్ మెషీన్‌లో న్యూస్ చదువుకోవచ్చు. రిప్లై రాయడానికి కూడా మీకు అలవాటైన ఎడిటరే తెరుచుకునేలా పెట్టుకోవచ్చు.

మీ ఇంట్లోనో ఆఫీసులోనో చూపు లేని ఫ్రెండ్‌కి ఏదైనా సాఫ్ట్‌వేర్ చెప్పే ముందు ఒక చిన్న టెస్ట్ చేయండి. ఓర్కానో స్పీకప్పో ఆన్ చేసి, మానిటర్ ఆపేసి, మూడు పనులు చేయండి: ఒక గ్రూప్ తెరవండి, చదవని తర్వాతి పోస్టుకి వెళ్లండి, దానికి రిప్లై పంపండి. ఎన్ని కీలు నొక్కారు, ఎన్ని అనవసరపు మాటలు విన్నారు, ఎన్నిసార్లు దారి తప్పారు, కాగితం మీద రాసుకోండి. కానీ అదే ఫైనల్ అనుకోవద్దు. నాలాగే మీకూ స్క్రీన్ ఎలా ఉంటుందో గుర్తుంటుంది. చివరి మాట వాడేవాళ్లదే. వాళ్లని అడగండి, రెండు వారాలాగి మళ్లీ అడగండి.

మా సంగతి కూడా చెప్పాలి. యాప్ రివ్యూల్లో డిజైన్‌కి మార్కులు వేస్తాం, యానిమేషన్లకి మార్కులు వేస్తాం, డార్క్ మోడ్ లేకపోతే కోసేస్తాం. స్క్రీన్ రీడర్‌తో పనిచేస్తుందా అన్న ఒక్క లైన్ కూడా ఇన్నాళ్లూ రాయలేదు. ఆ తప్పు నాది కూడా. ఇకపై నేను రాసే ప్రతి యాప్ రివ్యూలో పై మూడు పనుల టెస్ట్ లాంటిది ఒకటి ఉంటుంది. నేను మర్చిపోతే కామెంట్స్‌లో గుర్తు చేయండి, తిట్టినా పర్లేదు.

మా వాడు ఇప్పుడు ఎస్ఎల్ఆర్ఎన్ వాడుతున్నాడు. మొన్న మళ్లీ ఫోన్ చేశాను, ఎలా ఉంది రా అని. "ఏముంది రా," అన్నాడు. "పొద్దున చాయ్ తాగేలోపు లిస్ట్ మొత్తం అయిపోతుంది. ఇప్పుడు నేను చదువుతున్న, అది ఊకుంటుంది."